రూప్లా సగం పాలు

మిర్యాలగూడలో ఒక హమాలీ సంఘం ఆఫీసు గోడకు చాలా ఏళ్లు అద్దం బిగించిన కాగితం ఒకటి వేలాడుతూ ఉండేది. ఈ సంఘం లెక్కలు తక్కిన సంఘాలకు ఆదర్శమని, కార్యదర్శి గారి శ్రద్ధ ప్రశంసనీయమని అందులో రాసి ఉంటుంది. కింద సంతకం నాది. ఆ కాగితం మొత్తం మీద నిజమైనది ఆ సంతకం ఒక్కటే.

ఆడిట్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు అనుభవాలు రాయమని మా వాళ్లు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ అద్దమే. పరీక్షలు ఎలా పాసవ్వాలో, రిటర్నులు ఎప్పుడు వేయాలో మీకు ఎవరైనా చెబుతారు. ఎలా మోసపోవాలో చెప్పడానికి మాత్రం నాలాంటి అర్హత ఉన్నవాళ్లు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లలో కలిపి వెతికినా తక్కువ మందే దొరుకుతారు.

నరసింహం గారి ఆకుపచ్చ పెన్సిల్

ఎనభైల మొదట్లో నేను సూర్యాపేటలో నరసింహం గారి ఆడిట్ ఆఫీసులో సహాయకుడిగా చేరాను. అప్పటికి పరీక్షలు పూర్తి కాలేదు. ముక్కుతూ మూలుగుతూ తర్వాత పాసయ్యాను. ఆఫీసుకు అన్నం పెట్టేవి రైసు మిల్లులు, ధాన్యం కొట్లు. వాటి లెక్కలు సీనియర్లు చూసేవాళ్లు. రిజిస్టరైన కార్మిక సంఘాలు ఏటా ఆడిట్ చేయించిన లెక్క ప్రభుత్వానికి పంపాలి కాబట్టి అవి కూడా మా దగ్గరికి వచ్చేవి. ఫీజు తక్కువ, కూర్చోవడానికి కుర్చీకి మూడే కాళ్లు, అందుకని వాటిని నాకు అంటగట్టారు. నాలుగో కాలుగా నా కాలే పెట్టుకుని కూర్చునేవాణ్ని.

నరసింహం గారు నిజాయితీపరుడు. ఒక మిల్లు యజమాని పండుగకు పంపిన స్వీటు డబ్బాను మళ్లీ రిక్షాలో వెనక్కి పంపి, రిక్షా కిరాయి తన జేబులోంచి ఇచ్చిన మనిషి. ఆయన లోపం ఒక్కటే. కాగితాన్ని దేవుడిలా నమ్మేవాడు. "మనిషి అబద్ధమాడుతడయ్యా, కాగితం ఆడది" అనేవాడు. ఆ కాగితాన్ని రాసేది మనిషే కదా అని అడగాలని నాకు పదేళ్ల తర్వాత తట్టింది.

ఆయన నాకు ఒక ఆకుపచ్చ పెన్సిల్, రెండు సూత్రాలు ఇచ్చాడు. ఓచరు మీద ఆదివారం తేదీ ఉంటే అనుమానించు. పనిచేసిన వాళ్లకంటే జీతం తీసుకున్న వాళ్లు ఒక్కరు ఎక్కువున్నా వదలకు. రెండూ మంచి సూత్రాలే. ఆ రెండింటితోనే నేను మునిగాను.

ముత్యాల్లాంటి లెక్కలు

ఎనభైల మధ్యలో మొదటిసారి ఆ మిర్యాలగూడ సంఘానికి వెళ్లాను. మిల్లుల రోడ్డు వెనక సందులో, మేడమీద ఒక గది. సంఘంలో ఆరు ముఠాలు. ముఠా అంటే ఇరవై మందికి అటు ఇటుగా ఉండే హమాలీల జట్టు. దానికో మేస్త్రీ. మిల్లులు బస్తాల లెక్కన వారానికోసారి కూలి డబ్బు సంఘానికి కట్టేవి. సంఘం బస్తాకు ఐదు పైసలు నిధికి పట్టుకుని, తక్కినది ముఠాల వారీగా, పేర్ల జాబితా ప్రకారం పంచేది. చదువొచ్చినవాడు కావాలని, ఒకప్పుడు మిల్లులో గుమాస్తాగా చేసిన భాస్కరరావును కార్యదర్శిగా పెట్టుకున్నారు. సొంతూరు కోదాడ. మనిషి ఉతికి ఇస్త్రీ చేసినట్టుంటాడు, మాట కూడా అంతే.

"రండి సార్, ఎండలో వచ్చారు, ముందు మజ్జిగ తీసుకోండి. లెక్కలు ఎక్కడికి పోతాయండీ" అన్నాడు.

నిజమే, లెక్కలు ఎక్కడికీ పోలేదు. డబ్బే పోయింది. అది నాకు తెలియడానికి ఆరేళ్లు పట్టింది.

అంతకు ముందు నేను చూసిన సంఘాల లెక్కలు సిగరెట్ పెట్టెల వెనక, క్యాలెండర్ కాగితాల మీద ఉండేవి. ఈయన పుస్తకం తెరిస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, ఎర్ర సిరాతో గీతలు. ప్రతి ఓచరుకు నంబరు, ప్రతి నంబరుకు ఫైలు. ముఠాలకు పని చోట టిఫిన్, తాళ్లు, కొక్కేలు, దవాఖానకు ఆటో కిరాయి, అన్నిటికీ తేదీ, ముఠా పేరు, మిల్లు పేరు, వేలిముద్ర. ఏడాది మొత్తంలో ఒక్కటంటే ఒక్క ఓచరు ఆదివారం మీద లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులు ఆకుపచ్చ టిక్కులు పెడుతూ కూర్చున్నాను. నేను టిక్కు పెట్టిన చోటల్లా ఆయన అప్పటికే టక్కు పెట్టి ఉంచాడని ఎవరికి తెలుసు?

వెళ్లే ముందు ఆయన చేతులు కట్టుకుని, "మా వాళ్లు చదువుకోని వాళ్లండీ. లెక్కలు బాగున్నాయని మీరొక్క ముక్క రాసిస్తే వాళ్లకు నమ్మకం కుదురుతుంది" అన్నాడు. నేను ఒక్క ముక్క కాదు, పేజీడు రాశాను. నాకు వచనం రాయడం సరదా. ఆ సరదా తీరిపోయింది.

ఇరవై రెండో పేరు

ఆ ఆదర్శ లెక్కల్లో నాకొక దోషం మాత్రం దొరికింది. దొరికిందని ఎంత మురిసిపోయానో.

సైదులు అనే మేస్త్రీ ముఠాలో మిల్లు పుస్తకం ప్రకారం బస్తాలు ఎత్తింది ఇరవై ఒక్కరు. సంఘం పంపకం జాబితాలో పేర్లు ఇరవై రెండు. ఇరవై రెండో పేరు రూప్లా. ఎదురుగా 'సగం పాలు' అని రాసి ఉంది. ఇద్దరు చిన్నపిల్లల తండ్రిని, అప్పట్లో పాలు అంటే నాకు డబ్బా పాలే గుర్తొచ్చేవి. ఏమిటిది అని అడిగితే పాలు అంటే వాటా అని భాస్కరరావే చెప్పాడు. మరి ఈ మనిషి బస్తాలు ఎత్తాడా అని అడిగాను.

"లేదండీ. ఏడాదిగా పనికి రావడం లేదు" అన్నాడు. అబద్ధం కాదు. ఎందుకు రావడం లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తక్కిన ముఠాల్లో వెతికితే ఇలాంటి సగం పాళ్లు ఇంకో ఐదు దొరికాయి. మొత్తం ఆరు. పని చేయని ఆరుగురికి చెల్లింపులు జరుగుతున్నాయని, ఇది తేలే వరకు ఆ సొమ్మును పంచకుండా నిధిలోనే ఉంచాలని రాశాను. కింద నరసింహం గారి పెద్ద సంతకం, నా చిన్న సంతకం. సూర్యాపేట బస్సులో తిరిగి వస్తూ కిటికీలోంచి గాలి పీలుస్తుంటే దేశాన్ని రక్షించినంత తృప్తి.

ఆ తర్వాత ఐదేళ్లూ పుస్తకాలు సూర్యాపేటకే తెచ్చి చూపించేవాడు భాస్కరరావు. "మీరెందుకండీ ఎండలో రావడం" అనేవాడు. నేనూ అదే అనుకున్నాను. ఈ వృత్తిలో నేను చేసిన తప్పులన్నీ ఏరితే, వాటిలో సగానికి పైగా నీడన కూర్చుని చేసినవే.

సైదులు అడిగిన ప్రశ్న

తొంభైల మొదట్లో ఒక మిల్లులో నిల్వ బస్తాలు లెక్కపెట్టడానికి మళ్లీ మిర్యాలగూడ వెళ్లాను. కాటా దగ్గర నిలబడి రాసుకుంటుంటే, వీపు మీద బస్తాతో పోతున్న నడివయసు మనిషి ఒకడు ఆగి, బస్తా దించి, తలకు కట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఆడిటర్ సారు నువ్వే గద?" అన్నాడు.

అవునన్నాను.

"నేను సైదులును. ముఠా మేస్త్రీని. బస్త ఎత్తినోనికే పాలు అని రాసినవంట. నువ్వెన్ని బస్తలెత్తినవ్ సార్?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒకడు, "జర సారుకు ఒక బస్త ఎత్తుండ్రి రా, పాపం పాలు తీస్కపోతడు" అన్నాడు. నేను కూడా నవ్వాను. నవ్వడం తప్ప నాకు దారి లేదు. సైదులు ఒక్కడే నవ్వలేదు.

"రూప్లా లేని మనిషనుకున్నవా?" అని అడిగాడు.

అప్పుడు చెప్పాడు. రూప్లా లారీ మీదికి వేసిన పలక మీంచి క్వింటాలు బస్తాతో సహా పడ్డాడు. నడుము విరిగింది. ముఠాలో మనిషి పడితే, వాడు లేచేదాకా సగం పాలు తీయడం హమాలీల కట్టుబాటు. అది సంఘం డబ్బు కాదు, మిల్లు డబ్బూ కాదు. తక్కిన ఇరవై ఒక్కరూ తమ పాలులోంచి తలా కొంచెం తగ్గించుకుంటే అతని సగం వస్తుంది.

"మా పైసలు మేం పంచుకుంటే నీకేం తక్లీఫైంది సార్?" అన్నాడు సైదులు.

"మరి నేను రాశాక మీరే విడిగా ఇవ్వాల్సింది కదా" అన్నాను. అప్పటికీ నన్ను నేను కాపాడుకునే ప్రయత్నంలోనే ఉన్నాను.

"ఇచ్చినం. పాలు పంచకముందు తీస్తే ఎవ్వనికి నొప్పి తెల్వది. చేతికొచ్చినంక తీసియ్యాలంటే ఒకనికి కిరాయి కట్టేదుంటది, ఒకనికి పోరి పెండ్లుంటది. నాలుగు నెల్లకు ఇచ్చేటోళ్లం ఐదుగురమే మిగిలినం. ఇగ రూప్లానే వద్దన్నడు. పాలైతే తీస్కుంట, ధర్మమైతే వద్దు అన్నడు."

బస్తా మళ్లీ వీపుకెత్తుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నేను లెక్కపెట్టిన నిల్వలో నలభై బస్తాలు తేడా వచ్చాయి. మర్నాడు మళ్లీ లెక్కపెట్టాల్సి వచ్చింది.

మర్నాడు సాయంత్రం సైదులును వెంటబెట్టుకుని మాడుగులపల్లి దగ్గర తండాకు వెళ్లాను. రూప్లా మంచం మీద ఒత్తిగిలి పడుకుని తాడు పేనుతున్నాడు. నలభై ఏళ్లుంటాయేమో. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలడు, కూర్చోగలడు, వంగలేడు. నేను ఫలానా అని సైదులు చెప్పాడు. రూప్లా తమ భాషలో భార్యకు ఏదో చెప్పాడు. ఆమె లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది. గ్లాసు నా ముందు పెట్టి తెలుగులో అంది: "తాగు సార్. ఇది లెక్కల రాయకు."

ఆ చాయ్ నేను తాగిన వాటిలో అన్నిటికన్నా వేడిది.

క్షమించమని అడిగాను. రూప్లా తాడు పేనడం ఆపలేదు. "నువ్వు తెలిసి చెయ్యలే సార్. తెల్వక చేసినవ్. తెలిసినంక ఏం జేస్తవో సూస్త" అన్నాడు.

లచ్చమ్మ నేర్పిన చదువు

నరసింహం గారి దగ్గరికి వెళ్లి, మన అభ్యంతరం తప్పు, వెనక్కి తీసుకుందాం అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు.

"సంతకం పెట్టిన లెక్కను వెనక్కి తీస్కుంటే రేపు మిల్లులోళ్లందరు వస్తరు, మాది కూడ తియ్యుమని. కాగితం ఉందా నీ దగ్గర, వాళ్ల కట్టుబాటు ఇదని?"

"లేదు సార్. మనుషులున్నారు."

"మనుషులు ఫైలుల పట్టరయ్యా."

ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన భయం కూడా అర్థమవుతుంది. ఒక ఆఫీసు పేరు అంతా ఆ సంతకం మీదే నిలబడి ఉంటుంది. కానీ తప్పు మీద నిలబెట్టిన పేరును కాపాడటం ఆడిట్ కాదు, కాపలా.

ఇంకో సంగతి కూడా నన్ను కుట్టింది. ఆరు పాళ్ల సొమ్మును నిధిలో ఉంచమని రాశాను కదా. ఆరేళ్లలో నిధి పెరగాలి. పుస్తకాలు తీసి చూస్తే నిధి ఎక్కడున్నది అక్కడే ఉంది. వచ్చినంతా టిఫిన్ కింద, తాళ్ల కింద, ఆటోల కింద వెళ్లింది. ప్రతి దానికీ ఓచరు ఉంది. ప్రతి ఓచరు మీదా నా టిక్కు ఉంది.

అప్పుడు సూర్యాపేట మార్కెట్ యార్డులో చాటలతో గింజలు చెరిగే ఆడవాళ్ల సంఘం గుర్తుకొచ్చింది. కోశాధికారి లచ్చమ్మకు చదువు రాదు. ఎవరైనా ఖర్చుల కాగితం తెస్తే, అందరినీ కూర్చోబెట్టి, పేరు పేరునా గట్టిగా చదివించేది. "ఎవలకిచ్చినవో ఆమె గీడనే ఉంటది. అందిందో లేదో ఆమెనే చెప్తది" అనేది. నేను ఆ సంఘం లెక్కలకు మూడేళ్లు ఆడిట్ చేశాను. ఒక్క ఓచరు ఫైలు లేదని ప్రతి ఏడూ మందలించాను కూడా. నిజానికి ఆ మూడేళ్లూ ఆమె నాకు పాఠం చెబుతోంది, నేను ఆమె పాఠానికి మార్కులు కోస్తున్నాను.

నల్ల సున్న

లచ్చమ్మలా ఓచర్లు అందరి ముందు చదివే మీటింగు ఎప్పుడు పెడదాం అని సైదులును అడిగాను.

"అమాస నాడు పెట్టు సార్. ఆ దినం ఎవ్వరు బస్త ముట్టరు. మిల్లులకు ఆదివారం లేదు గని మాకు అమాస ఉంటది" అన్నాడు.

ఈ మాట అతను అంటున్నప్పుడు ఆరేళ్ల ఓచర్లు నా చేతి సంచిలోనే ఉన్నాయి. సరే అని తేదీ రాసుకున్నాను. అంతే. మందబుద్ధి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ క్షణం గురించి చెబుతుంటాను.

భాస్కరరావుకు ఉత్తరం రాశాను. సభ్యుల ముందు లెక్కలు చదివి వినిపించాలని, ఆడిటర్‌గా అది కోరే హక్కు నాకుందని. ఆయన నొచ్చుకోలేదు. "తప్పకుండా చదవండి. ఏముందండీ దాచడానికి" అన్నాడు. గోడ మీది అద్దం వైపు చూసి నవ్వాడు కూడా.

మేడ మీది గది చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. రూప్లాను ఇద్దరు భుజాల మీద మోసుకొచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఎదురు గోడకు నా ప్రశంసా పత్రం, దాని పక్కన ఒక ఎరువుల కొట్టు వాళ్లు పంచిన తెలుగు క్యాలెండర్. నేను ఆ ఏడాది ఓచర్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను. తేదీ, ముఠా, మిల్లు, ఖర్చు. మొదట్లో జనం ఆవులించారు. ఎవరికి ఎప్పుడు టిఫిన్ పెట్టారో, పెట్టలేదో నెలల కిందటి సంగతి ఎవరికి గుర్తుంటుంది? "తిన్నమేమో సార్, యాదికి లేదు" అన్నారు. భాస్కరరావు కాలు మీద కాలు వేసుకున్నాడు.

పదిహేనో ఓచరో పదహారో చదివాక రూప్లా అన్నాడు, "సార్, ఆ తారీకు మల్ల సదువు."

చదివాను. సైదులు ముఠాకు మిల్లులో పని చోట టిఫిన్.

"క్యాలండర్ తిప్పుండ్రి రా. గా నెల తియ్యుండ్రి."

ఒకడు లేచి కాగితాలు వెనక్కి తిప్పాడు. రూప్లా వేలు చూపించాడు. "నాకు అచ్చరాలు రావు సార్. బస్తల మీద నంబర్లు సూసి సూసి అంకెలొచ్చినయ్. గా అంకె పక్కన నల్ల సున్న ఉంది సూడు."

చూశాను. నిండు నల్ల చుక్క.

"అమాస నాడు మా ముఠా మిల్లుల టిఫిన్ ఎట్ల తింటది? ఆ దినం వీళ్లంత తండల నా మంచం కాడ కూసున్నరు. అమాసకే గద నన్ను సూడనీకి వస్తరు."

నేను ఓచర్లన్నీ కింద పరిచాను. ఇప్పుడు చదువుతున్నది నేను కాదు, వాళ్లు. నేను తేదీ చెప్పడం, రూప్లా చుక్క చూడడం. ఆ ఏడాదిలో నాలుగు దొరికాయి. పాత పంచాంగాలు ఎవరింట్లోనో ఉంటే తెప్పించారు. ఆరేళ్లకు పందొమ్మిది అమావాస్యలు. ఆ పందొమ్మిది రోజులూ సెలవులో ఉన్న ముఠాలు టిఫిన్లు తిన్నాయి, కొత్త తాళ్లతో బస్తాలు కట్టాయి. హమాలీలు నిజంగా చెమటోడ్చిన ఆదివారాల్లో మాత్రం ఎవరికీ ఆకలి వేయలేదు.

"తేదీ వేయడంలో పొరపాటు జరిగుంటుందండీ" అన్నాడు భాస్కరరావు.

"ఒకటైతే పొరపాటు. పందొమ్మిది పొరపాట్లు చేసేటోడు ముత్యాల లెక్క రాస్తడా?" అన్నాడు సైదులు. "ఏలుముద్రలు ఎవ్వనియి భాస్కరన్నా? నీ చేతులకు వేళ్లు పది, ముఠాలేమో ఆరే. ఇంక నాలుగు వేళ్లు మిగిలిచ్చుకున్నవ్ గద."

అక్కడ మొదటిసారి అందరూ నవ్వారు. భాస్కరరావు కాళ్లు కిందికి దించాడు.

అమావాస్యకు హమాలీలు పనికి రారని ఆయనకు తెలియదా? తెలుసు. కానీ ఏడాది ఓచర్లన్నీ ఆడిట్‌కు ముందు ఒకేసారి కూర్చుని, బ్యాంకు వాళ్ల ఇంగ్లీషు డైరీ ముందు పెట్టుకుని రాశాడు. అందులో ఎర్రగా ఉండేవి ఆదివారాలే. ఆడిటర్ ఆదివారాలే చూస్తాడని గుమాస్తాగా చేసిన రోజుల నుంచీ ఆయనకు తెలుసు. ఆ ఓచర్లు రాసింది హమాలీల కోసం కాదు, నా కోసం. నా అలవాట్లు ఆయనకు తెలిసినంతగా హమాలీల అలవాట్లు నాకు తెలియలేదు. ఈ వ్యాసంలో మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటే ఉంటే అది ఇదే. మీరు ఏం చూస్తారో తెలిసినవాడు మీరు చూసేదాన్ని తయారు చేసి పెడతాడు. మీరు చూడనిది చూసేవాళ్లు ఎవరో వెతికి, వాళ్ల పక్కన కూర్చోండి.

ఆ రోజే భాస్కరరావు పదవి వదులుకున్నాడు. ఆగిపోయిన ఆరు పాళ్ల సొమ్ము వాయిదాల్లో కడతానని కాగితం రాసి సంతకం పెట్టాడు. రూప్లా పాలు మళ్లీ మొదలైంది. ఇక మీదట ప్రతి ఓచరూ అమావాస్య మీటింగులో చదవాలని, క్యాలెండర్ దగ్గర కూర్చుని వినే పని రూప్లాదని తీర్మానించారు. "కూసోని చేసే పని దొరికింది" అన్నాడు అతను.

గోడ మీది నా అద్దం తీసెయ్యబోయాను. సైదులు చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీ సార్. కొత్త సెక్రటరీ ఎవడన్న వస్తే సూపెట్టనీకి పనికొస్తది." అలా ఇంకో కొన్నేళ్లు నేను ఆ గోడకు వేలాడాను.

నరసింహం గారికి అంతా చెప్పాను. మర్నాడు ఆయన ఆఫీసుకు ఒక తెలుగు క్యాలెండర్ తెచ్చి తన కుర్చీ ఎదురుగా స్వయంగా మేకు కొట్టుకున్నాడు. ఆ పాత అభ్యంతరం తప్పని సంఘానికి ఉత్తరం కూడా ఆయనే రాశాడు, ఆకుపచ్చ పెన్సిల్‌తో చిత్తు రాసి మరీ. ఆయన ఒక తప్పును ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే. ఒప్పుకున్నాక ఆ మనిషి ముందుకంటే ఎత్తుగా కనిపించాడు.

చివరికి నేను చేసింది

భాస్కరరావు రెండు వాయిదాలు కట్టి కోదాడ వెళ్లిపోయి గోనె సంచుల దుకాణం పెట్టుకున్నాడు. మిగతా వాయిదాల కోసం సైదులు రెండుసార్లు వెళ్లొచ్చాడు. రెండుసార్లూ మజ్జిగ ఇచ్చి పంపాడట.

తొంభైల చివర్లో, నరసింహం గారు విశ్రాంతి తీసుకుని ఆఫీసు నా చేతికొచ్చాక, ఒక రోజు భాస్కరరావు నా ముందు కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, ఇస్త్రీ చెదరలేదు.

"ఎన్నాళ్లకు కలిశామండీ. దుకాణం పెంచుదామని బ్యాంకు లోనుకు పెట్టానండీ. ఆస్తి అప్పుల పట్టీ మీ ఆఫీసు సంతకంతో తెమ్మన్నారు. మీ సంతకానికి అంత విలువండీ."

"మీకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది" అన్నాను.

లెక్కలు రాశాను. ఇప్పుడు నిజంగానే బాగున్నాయి. అప్పుల వైపు మొదటి వరుసలో ఇలా రాశాను: రూప్లా, మరి ఐదుగురు హమాలీలకు చెల్లించవలసినది.

ఆయన చదివి, "ఇది వ్యాపారం అప్పు కాదు కదండీ" అన్నాడు.

"కాదు. మీరు సంతకం పెట్టి ఒప్పుకున్న అప్పు. ఉన్నదాన్ని వదిలేసి నేను సంతకం పెట్టలేను. ఒకసారి పెట్టాను, మీరు దానికి అద్దం కట్టించారు."

మూడు వారాల్లో ఆరు రసీదులు తెచ్చాడు. ఐదు వేలిముద్రలు హమాలీలవి, ఆరోది చనిపోయిన ఒకతని భార్యది. ఈసారి నేను సైదులుకు ఫోన్ చేసి ఒక్కొక్కరికీ అందిందా అని అడిగాను. అందిందన్నాడు. రూప్లా డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని, తర్వాత రసీదు మీది తేదీని క్యాలెండర్‌లో చూసి, అప్పుడు వేలిముద్ర వేశాడట.

ఇంతవరకు నేను చేసింది నా పని. ఇక మీదట చేసింది పని కాదు, కక్ష. పిల్లలకు రాస్తున్నాను కాబట్టి ఇలా చేయకండి అని చెప్పాలి. చెప్పాను.

పట్టీ సిద్ధమైంది, సంతకానికి ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. గోడ వైపు ఒకసారి చూసి, వచ్చే సోమవారం పదింటికి రండి అన్నాను. కోదాడ నుంచి మొదటి బస్సెక్కి వచ్చాడు. ఆఫీసుకు తాళం. మిర్యాలగూడ మీటింగు తర్వాతి నుంచీ మా ఆఫీసుకు అమావాస్య సెలవు. తలుపు మీద బోర్డు కూడా ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలతో. మధ్యాహ్నం దాకా ఎదురు హోటల్లో కూర్చుని, మజ్జిగ తాగి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది.

మర్నాడు ఫోన్ చేశాడు. పొరపాటు నాదేనండీ, ఇంకో తేదీ ఇస్తాను అని, నాలుగు వారాల తర్వాతి తేదీ చెప్పాను.

అటు గోడ మీది క్యాలెండర్ కాగితాలు తిప్పుతున్న చప్పుడు సన్నగా వినిపించింది.

"సార్," అన్నాడు చివరికి, "ఆ రోజు అమావాస్యండీ."

"అవునా? అయితే రేపే రండి" అన్నాను. "సంతకం పెడతాను."